బాబా మియా సగం చాయ్

కొత్తవాడలో బాబా మియా నిండు కప్పు చాయ్ తాగగా చూసినవాళ్లు లేరు. ముప్ఫై ఏళ్లుగా కట్టయ్యా ఆయనా ఒకే మగ్గం మీద పక్కపక్కన కూచుని జంపఖానాలు నేస్తున్నారు. హోటల్లో చాయ్ చెబితే కప్పులో సగం తనకు, సాసర్లో సగం కట్టయ్యకు. ఒక ఎండాకాలం డాక్టరు మియాకు ప్రోస్టేటు గ్రంథి క్యాన్సరని తేల్చి, రోజుకో గోలీ రాశాడు. చాయపత్తిలో ఏదో సత్తువ ఉందట, గోలీకి తోడుగా పనిచేస్తుందట అని ఎవరో పేపరు చదివి చెప్పారు. అంతే, మియా పాలు మానేసి వట్టి డికాక్షన్‌కు దిగాడు. చేదుకు మొహం చిట్లించి, గడ్డం తుడుచుకుని, "దవా అంటే గిట్లుండాలె!" అనేవాడు.

నెల తిరిగాక మియా ఈ ముచ్చట చెబితే డాక్టరు నవ్వాడు. "చాయ్ సంగతి నాకు తెల్వదు మియా సాబ్. గోలీ ఎట్ల వేసుకుంటున్నరు?"

మియా బొటనవేలి గోరుతో లేని గోలీని రెండుగా విరిచి చూపించాడు.

"సగమెందుకు?"

"కట్టయ్యకు గూడ ఒంటేలు జర ఆగి ఆగి వస్తాంది సాబ్. నేనొక్కన్నే ఎట్ల మింగుత?"

డాక్టరు మండిపడ్డాడు. పరీక్ష చేయకుండా ఎవరికీ మందు ఇవ్వొద్దన్నాడు.

మర్నాడు తెల్లారకముందే మియా దవాఖానలో నిలబడి పరీక్షకు మొదటి నంబరు చీటీ సంపాదించాడు. దాన్ని సగం చేయకుండా, నిండుగా కట్టయ్య చేతిలో పెట్టాడు.