తాడు అవతలి కొస

నా ఎడ్ల మీద ఒట్టు. ఇంతకంటే పెద్ద ఒట్టు నాకు తెలియదు. మీరంతా నవ్వుతారని నాకు తెలుసు. నవ్వండి... మొదట్లో నవ్వుకునేదే చాలా ఉంది, నాకు అభ్యంతరం లేదు. కానీ మధ్యలో ఒకచోట నేను ఆగుతాను. అక్కడ మాత్రం ఎవరూ దగ్గను కూడా దగ్గకండి. ఇన్నేళ్లయినా అక్కడికి వచ్చేసరికి నా వేళ్లు చల్లబడిపోతాయి.

పెన్నాగరం నుంచి హొగెనకల్ పోయే దారిలో మాకు మెట్ట చేను ఉంది. చేను దాటితే గుట్ట. గుట్ట దాటితే అడవి. వేటాడకూడదన్న చట్టం మా వైపు ఇంకా రాని రోజులవి. ముందు ఏడాది వేరుశనగ అంతా అడవిపందులే తవ్వుకు తిన్నాయి. విత్తనానికి కూడా మిగల్చలేదు. ఈసారి కాయ బాగా ఊరింది. ఇక పీకడమే తరువాయి అనగా పందులు మళ్లీ దిగాయి. ఒక మూలంతా నాగలి పెట్టి దున్నినట్టు చేసి పోయాయి.

అమ్మ ఆ మూల చూసి వచ్చింది. కొట్టం గుంజకి ఆనుకుని నిలబడి ఒకటే మాట అంది.

"ఈ తూరి కూడా పోతే ఎడ్లను సంతకు తోలేది తప్ప వేరే దోవ లేదురా."

ఎడ్లంటే దొర, చిన్నోడు. దూడలుగా తెచ్చి నా చేత్తో మేపి పెంచినవి. మీరేమనుకున్నా సరే, కొట్టంలోకి పోయి ఆ రెండింటి మధ్యా కూర్చుని ఏడ్చాను.

డబ్బాలు కొట్టాం. మంటలు పెట్టాం. పందులకి అవి అలవాటైపోయాయి. డబ్బా మోగితే పంక్తి వేశారనుకుని వచ్చేవి. తుపాకి ఊళ్లో ఒకాయన దగ్గరే ఉంది, దాన్ని ఆయన పెళ్లానికి కూడా చూపించడు. అప్పుడు దిగాడు మా బావ.

బావంటే మా అక్క మొగుడు, రంగసామి. మిలిటరీ నుంచి వచ్చేసి ఏడాదయింది. అడవుల్లో యుద్ధం చేశానంటాడు. అక్కని అడిగితే వంటసాలలో పప్పు కలిపినాడంటుంది. అది వాళ్లిద్దరూ తేల్చుకోవాల్సిన సంగతి. ఆయన దగ్గర ఒక డ్రెస్సు ఉన్న మాట మాత్రం నిజం. పచ్చ, మట్టిరంగు, నలుపు... అన్నీ మచ్చలు మచ్చలుగా. వేసుకుని పొదలో కూర్చుంటే ఇక పొదే తప్ప మనిషి కనిపించడు.

"మీ ఇంట్లో విల్లు ఉండాది కదా," అన్నాడు బావ. "చప్పుడు లేకుండా పని అయిపోతాది."

విల్లు ఉంది. తాతది, వెదురుది. గడప పైన వేలాడుతూ ఉంటుంది. ఏటా వేట పండుగ రోజు దాన్ని దించి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, ఊరంతా కలిసి కుందేళ్ల కోసం గుట్ట ఎక్కి దిగుతాం. ఎక్కడం, దిగడం... అంతే. నాకు బుద్ధి తెలిశాక దానికి చిక్కిన కుందేలు లేదు.

"మంచె కట్టుకుందామా బావా?"

"మంచె మీదినించి ఏస్తే బాణం పంది వీపున తగిలి జారిపోతాది. నేల మీద కూసోని పక్కలో ఏయాల. దాని కంటికి మనం కనపడకూడదు, ముక్కుకి తెలియకూడదు. మిలిటరీలో అట్లనే చేస్తాము."

పప్పు కూడా అలాగే చేసేవారా అని అడగబోయి మానుకున్నాను. అవసరం నాది.

నాకు మచ్చల డ్రెస్సు లేదు కాబట్టి నా భార్య సరోజ గోనెసంచులు విప్పి ఒకటి కుట్టింది. పాత పచ్చచీర చింపి, పేలికలు అక్కడక్కడా తగిలించింది. పొయ్యి మసి పూసింది. కుడుతున్నంతసేపూ పెదవి బిగబట్టుకునే ఉంది. నేను అది వేసుకుని బయటికి రాగానే ఇక ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది. మా కుక్క నన్ను చూసి మొరిగింది. కొట్టం ముందు నుంచి నడిస్తే దొర బుస కొట్టి వెనక్కి జరిగాడు. నా ఎద్దే నన్ను గుర్తుపట్టలేదు... అది మాత్రం నాకు బాధనిపించింది.

వాసన సంగతి ఇంకోటి. తలకి నూనె వద్దన్నాడు బావ. సబ్బు వద్దు, విభూతి వద్దు. మేకల దొడ్లో మన్ను తెచ్చి ఒంటికి రాసుకోమన్నాడు. రాసుకున్నాను. చివరికి చుట్ట దగ్గర గొడవ వచ్చింది.

మా చేని గట్టు మీద కావలి దేవుడు మునియప్ప రాయి ఉంది. నడుమెత్తు నల్లరాయి. రాత్రి కావలికి కూర్చునేవాడు ముందు ఆయనకి ఒక చుట్ట వెలిగించి పెట్టాలి. చేను ఆయనది, ఆయన్ని అడిగి మనం కూర్చోవాలి. మా నాన్న ఉన్నన్నాళ్లు చుట్ట పెట్టకుండా ఒక్క రాత్రి కూడా గట్టెక్కలేదు.

"చుట్ట గిట్ట ఏమీ వద్దు," అన్నాడు బావ. "ఆ వాసనకి పంది గుట్ట దాటి పోతాది."

"పోయేదే కదా నాయినా మనకు కావలసింది," అంది అమ్మ.

"పోతే రేపు మళ్లీ వస్తాది అత్తా. చంపాల."

బావ అటు తిరగ్గానే అమ్మ నా మొలలో ఒక చుట్ట, కొత్త అగ్గిపెట్టె దోపింది.

చీకటి పడింది. చంద్రుడు లేడు. గట్టు పక్కన, రాయికి దగ్గరగా బావ కూర్చున్నాడు. కొంచెం దూరంలో చాలులో నేను. విల్లు నా చేతిలోనే ఉంది. మా తాత విల్లు కాబట్టి నేనే వేయాలట, ఎప్పుడు వేయాలో చెప్పడం ఆయన పనట. నోరు తెరవకూడదు కాబట్టి ఒక తాడు తెచ్చాడు. ఒక కొస తన కాలి బొటనవేలికి కట్టుకున్నాడు, రెండో కొస నా బొటనవేలికి. ఒకసారి లాగితే, మేలుకునే ఉన్నావా అని. మేలుకుని ఉంటే ఇటు నుంచి ఒకసారి లాగాలి. రెండుసార్లు లాగితే పంది వచ్చింది, వెయ్యి అని.

అంతే. మూడుసార్లు అనేది మేం అనుకోలేదు. ఇది గుర్తుపెట్టుకోండి.

కూర్చున్నాం. కూర్చున్నాక తెలిసింది, బావ డ్రెస్సు ఎంత గొప్పదో. అంత దగ్గర్లో మనిషి ఉన్నాడు... నాకు కనిపించడు. నేను గోనెలో ఉన్నాను... ఆయనకి కనిపించను. చీకట్లో గోనె గీరుకుంటోంది. మేకల మన్ను వాసన. కీచురాళ్లు. ఎక్కడో ఒక కప్ప.

తాడు ఒకసారి కదిలింది. నేను ఒకసారి లాగాను.

కాసేపయ్యాక మళ్లీ. మళ్లీ నేను. బావ ఎంత జాగ్రత్త మనిషి అనుకున్నాను. కునుకు పట్టేవేళకి సరిగ్గా లాగుతాడు. పిల్లాడిని నిద్రపోనివ్వని పంతులు లాగ... మెల్లగా, ఒక్కసారి. నాకు ధైర్యంగా కూడా ఉంది, అబద్ధం చెప్పను.

తర్వాత... మూడుసార్లు లాగింది.

ఆగి, మళ్లీ మూడుసార్లు.

నాకు అర్థం కాలేదు. ఆలోచించాను. వెంటనే నవ్వొచ్చింది. బావ రోజుకి కట్ట చుట్టలు కాల్చే మనిషి. పంది ముక్కు కోసం వ్రతం పట్టాడు, ఇప్పుడు నాలుక పీకుతోంది. అమ్మ నా మొలలో దోపడం ఓరకంట చూసే ఉంటాడు. సరేనని విల్లు పక్కన పెట్టి, తాడు పట్టుకుని, మోకాళ్ల మీద పాక్కుంటూ పోయాను. తాడు చేతిలో జారుతోంది... ముందర చీకట్లో ఇంకొంచెం నల్లగా ఒక ఆకారం. మచ్చల డ్రెస్సు. కదలడం లేదు. మిలిటరీ మనిషి కదా అనుకున్నాను.

"బావా... చుట్ట కావాల్నా?"

మాట్లాడకూడదని షరతు పెట్టింది ఆయనే కదా అని నాలుక కరుచుకున్నాను.

చుట్ట ముందుకి చాపాను.

...తీసుకుంది.

లాక్కోలేదు. మెల్లగా... మర్యాదగా... నా వేళ్ల మధ్య నుంచి తీసుకుంది. ఏదో నా వేళ్లకి తగిలింది. చల్లగా ఉంది. గరుకుగా ఉంది. మంచు పడుతోంది కదా అనుకున్నాను. అగ్గిపెట్టె కూడా చాపాను. అదీ పోయింది.

వెనక్కి పాక్కుంటూ వచ్చి నా చోట కూర్చున్నాను. అగ్గిపుల్ల గీసిన చప్పుడు వినలేదు. వెలుగు కనిపించలేదు. కానీ తిరిగి చూస్తే, గట్టు దగ్గర ఎర్రగా చుట్ట కొస. పీల్చినట్టు ఎక్కువవుతోంది... తగ్గుతోంది... పొగ వాసన నా దాకా వచ్చింది. నాకు భయం వేయలేదండీ, కోపం వచ్చింది. అమ్మని అన్నన్ని మాటలన్నావు, ఇప్పుడు నువ్వే కాలుస్తున్నావా అని.

అప్పుడు వచ్చాయి పందులు. ముందు గురగుర. తర్వాత మన్ను పెళ్లగిస్తున్న చప్పుడు. కాయలు పటపటా నములుతున్న చప్పుడు. నా కాయలు. ఆ ఒక్కొక్క చప్పుడుకీ నాకు దొర కళ్లే కనిపించాయి. విల్లు ఎత్తాను. నారి లాగాను...

తాడు రెండుసార్లు లాగింది.

అది లాగడం కాదు. నా కాలు నా కింద నుంచి పోయింది. వెల్లకిలా పడ్డాను. బాణం ఆకాశంలోకి పోయింది, ఇప్పటిదాకా దొరకలేదు.

పడుకునే విన్నాను. నమిలే చప్పుడు ఆగింది. అన్ని పందులూ... ఒక్కసారే. కీచురాళ్లు కూడా. కొంచెంసేపు చేను చేనంతా ఊపిరి బిగబట్టినట్టు ఉంది. తర్వాత ఒక పంది అరిచింది. దెబ్బ తగిలిన అరుపు కాదు, చూడకూడనిది చూసిన అరుపు. మందంతా గుట్ట మీదికి పరుగు. ఎవరూ డబ్బా కొట్టలేదు, ఎవరూ అదిలించలేదు. ఎర్రటి కొస మాత్రం గట్టు దగ్గర నింపాదిగా వెలుగుతూ ఉంది.

"ఎట్ల తరిమినావు బావా," అన్నాను గట్టిగా, ఆ వెలుగు వైపు చూస్తూ.

"ఎవుర్ని?" అంది బావ గొంతు.

నా వెనక నుంచి.

తిరిగి చూశాను. బావి వైపు నుంచి వస్తున్నాడు. ఒంటి మీద అంగోస్త్రం తప్ప ఏమీ లేదు, నీళ్లు కారుతున్నాయి.

"నువ్వు... అక్కడ కూసోలేదా?"

"యాడ కూసునేది? చీమల పుట్ట మీద కూసున్నట్టుండాను. డ్రెస్సు నిండా చీమలే. అప్పుడే విప్పేసి బావిలో దిగినాను. ఇంతసేపూ నీళ్లలోనే ఉండాను."

"అప్పుడే అంటే ఎప్పుడు?"

"కూసున్న కాసేపటికే."

"మరి తాడు?"

"నువ్వు భయపడతావని రాయికి కట్టి పోయినాను. డ్రెస్సు కూడా దాని మీదే ఏసినాను." ముక్కు ఎగబీల్చాడు. "ఏమిరా, చుట్ట వాసన వస్తాండాది. ఎవురు కాల్చేది?"

ఇద్దరం ఆ వైపు చూశాం. ఎర్రటి కొస ఒకసారి బాగా వెలిగింది. తర్వాత మెల్లగా కిందికి దిగింది... ఎవరో చేత్తో కింద పెట్టినట్టు.

అడవుల్లో యుద్ధం చేసిన మా బావ నాకంటే ముందు ఇల్లు చేరాడు. నేను వెనకబడడానికి కారణం ఉంది. తాడు ఇంకా నా కాలికే ఉంది. పరిగెత్తబోయి పడ్డాను, లేచాను, పడ్డాను. చివరికి ముడి బొటనవేలి గోరుతో సహా ఊడి వచ్చింది.

తెల్లవారాక అమ్మ ముందు, మేం వెనక పోయి చూశాం. రాయి మచ్చల డ్రెస్సు వేసుకుని ఉంది. బొత్తాలన్నీ పెట్టి ఉన్నాయి. ఊరికే పైన విసిరేసి పోయినానని బావ మొత్తుకున్నాడు. రాయి ముందు చుట్ట పీక, బూడిద. డ్రెస్సు జేబులో అగ్గిపెట్టె... దాని మీద అంటించిన కాగితం కూడా చిరగలేదు.

బావ దగ్గర అన్నిటికీ సమాధానం ఉంది. తాడుని ముంగిస లాగిందట. చుట్ట నేనే కాల్చానట. పుట్టినప్పటి నుంచి చుట్ట ముట్టని మనిషిని నేను. అయితే ఆ డ్రెస్సు తీసుకుపో బావా అంటే మాత్రం చీమలున్నాయన్నాడు.

"ఇయ్యాల్సింది ఇచ్చినావు కదా," అంది అమ్మ నాతో. "ఇంక గమ్మునుండు."

నిజంగా ఇచ్చానా? మూడుసార్లంటే చుట్ట అని అనుకున్నది నేనే. అది అడిగింది చుట్టేనో, లేచి ఇంటికి పొమ్మందో, గట్టు దగ్గర ఈ సంచీ మనిషి ఎవడని అడిగిందో... నాకు ఇప్పటికీ తెలియదు.

పందులు మళ్లీ రాలేదు. కాయ పీకాం, కొట్టాం, ఆరబెట్టాం. ఆఖరి మూటలు బండికెత్తిన సాయంత్రం, మంచి తాడు ఎందుకు పోగొట్టుకోవాలని రాయి దగ్గరికి పోయాను. విప్పడానికి వంగాను. ఏం బుద్ధి పుట్టిందో... కొస పట్టుకుని ఒకసారి లాగాను. మేలుకునే ఉన్నావా అని.

కాసేపు ఏమీ లేదు.

తర్వాత నా చేతిలో తాడు ఒకసారి కదిలింది.

గాలి అయ్యుండొచ్చు. గాలి ఉందో లేదో నాకు గుర్తులేదు. తాడు అక్కడే వదిలేసి మామూలుగా నడుచుకుంటూ బండి దగ్గరికి వచ్చాను. పరిగెత్తానని బావ ఊరంతా చెప్పాడు. నమ్మకండి, నేను వచ్చేసరికి ఆయన బండెక్కి మూటల మధ్య తల దూర్చి ఉన్నాడు. ఎడ్లను మేమిద్దరం అదిలించలేదు, అదిలించే స్థితిలో లేం. దొర, చిన్నోడు వాటంతట అవే కదిలాయి. సంతకి పోయే దారి ఎడమ వైపు ఉంది. అవి కుడికి తిరిగి ఇంటికి నడిచాయి.