నిలబడే దీవిస్తానన్నాను

ఆ ఆదివారం పొద్దున మంచం మీద నుంచి లేవగానే కళ్ళు బైర్లు కమ్మాయి. గోడ పట్టుకుని నిలబడ్డాను. బీపీ మాత్ర మార్చినప్పటి నుంచీ అలాగే ఉంది. ఆశ్రమం మేనేజరమ్మతో చెబితే, "వయసైపోయింది గదవ్వా, అట్లే ఉంటాది" అని నవ్వేసింది.

నేనుండేది వేలూరు దగ్గర గుడియాత్తంలో ఒక వృద్ధాశ్రమంలో. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసినదాన్ని. పిల్లలు లేరు. భర్త పోయాక నా ఇష్టంతోనే ఇక్కడ చేరాను.

మా దగ్గరికి ఆదివారాలు దాతలు వస్తారు. బిడ్డల పుట్టినరోజుకు మాకు భోజనం పెట్టి, మా చేత అక్షింతలు వేయించుకుని పోతారు. మంచి ఆచారమే. కానీ వాళ్ళు వచ్చేముందు హాలంతా తడిగుడ్డతో తుడుస్తారు. అక్కడ దేవుడి పటాలున్నాయని మా చెప్పులు బయటే విప్పిస్తారు. ముసలి కాళ్ళు, తడి టైల్స్, పైగా దాతలు రాగానే అందరం లేచి నిలబడాలట! ఆ రోజు లేచాను, కళ్ళు తిరిగాయి, కాలు జారింది. కేకు ముందు నిలబడిన పిల్లవాడు బిక్కచచ్చిపోయాడు.

వేలూరు ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి, తుంటి దగ్గర ఫ్రాక్చర్ అన్నారు. ఆపరేషన్ చేసి లోపల రాడ్ వేశారు. తర్వాత డాక్టరమ్మ నన్ను పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూసింది.

"లేస్తానే మీ బీపీ పడిపోతా ఉండాదమ్మా. ఇది వయసు కాదు, మాత్ర డోసు ఎక్కువ" అని తగ్గించింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. నన్ను నిలబెట్టి బీపీ చూడాలని ముందే ఒక్కరికైనా తోచి ఉంటే, నా తుంటి నాకు దక్కేది కదా! ఫిజియోథెరపిస్టు వాకర్ చేతికిచ్చి, "నడవకుంటే కండ కరిగిపోతాది. అప్పుడు ఇంకా ఖాయంగా పడతారమ్మా" అని మరీమరీ చెప్పాడు.

తిరిగి వచ్చేసరికి నా మంచానికి 'ఫాల్ రిస్క్', అంటే పడిపోయే మనిషి అని అట్ట వేలాడుతోంది. వాకర్ స్టోర్ రూములో పెట్టి తాళం వేశారు. డైపర్ కట్టారు. కుర్చీలో కూర్చోబెడితే పాత చీరతో నడుముకు ముడి.

"ఇదేందమ్మా, నేనేమన్నా గొడ్డునా?" అన్నాను.

"నీ మంచికేనవ్వా. మళ్ళా పడితే మాకు చెడ్డపేరు" అంది మేనేజరమ్మ.

విన్నారా? భయమంతా వాళ్ళ పేరు గురించి, నా ఎముకల గురించి కాదు. బాత్రూమ్‌కు పోవాలని పిలిస్తే, "డైపర్ ఉండాది గదా, అందులోనే పోసుకో" అనేవాళ్ళు. ఆ మాట విన్నప్పుడల్లా సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. పక్క మంచం కనకమ్మక్క డైపర్ తడపలేక నీళ్ళు తాగడమే మానేసింది. యూరిన్ ఇన్‌ఫెక్షన్ వచ్చి, జ్వరంతో పలవరించింది. దానికీ వయసే కారణమన్నారు! నా తొడలు పుల్లలైపోయాయి. నడుం కింద పుండు మొదలైంది.

అంతలో ఇంకో పుట్టినరోజు వచ్చింది. ముడి కనపడకుండా నాకు శాలువా కప్పి, హాల్లోకి తీసుకొచ్చి, చేతిలో అక్షింతలు పెట్టారు. పట్టు పావడా కట్టుకున్న పాప నా కాళ్ళ మీద తల పెట్టింది.

"దీవించవ్వా" అంది మేనేజరమ్మ.

నేను గుప్పిట బిగించాను. పాప తండ్రిని చూసి, "కట్టేసిన మనిషి దీవెన బిడ్డకు మంచిది కాదు నాయనా. ఈ ముడి విప్పించు, నా వాకర్ తెప్పించు. నిలబడే దీవిస్తా" అని శాలువా లాగేశాను.

పాప వంగినది వంగినట్టే ఉంది. దీవెన లేకుండా బిడ్డను లేపడానికి వాళ్ళ నాయనమ్మకు మనసొప్పలేదు. "ఏందమ్మా ఈ అన్యాయం? యాడ పెట్టినారు ఆమె వాకరు?" అని మేనేజరమ్మ మీద విరుచుకుపడింది.

స్టోర్ రూము తాళంచెవి క్షణంలో దొరికింది. నేను చెప్పులు కూడా తెప్పించుకుని, దేవుడి పటాల ముందే తొడుక్కున్నాను. ఆ నాయనమ్మ తనే ముడి విప్పి, నా మోచెయ్యి పట్టుకుంది. కాళ్ళు గడగడ వణికినా లేచి నిలబడి, పాప తల మీద అక్షింతలు వేశాను. ఏడుపు ఆగలేదు. కోపమూ ఆగలేదు.

మేనేజరమ్మ చాలా రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే పోయె. ఆ కుటుంబం మరో భోజనానికి బదులు బాత్రూమ్ గోడలకు పట్టుకునే కమ్మీలు పెట్టించింది. ఫిజియోథెరపీ మళ్ళీ మొదలైంది, పుండు మానింది. ఇప్పుడు వాకర్‌తో నా అంతట నేనే బాత్రూమ్‌కు వెళ్ళొస్తున్నాను. కనకమ్మక్క కడుపునిండా నీళ్ళు తాగుతోంది. ఈమధ్య ఒకసారి పడ్డాను కూడా. మోచెయ్యి గీసుకుపోయింది, అంతే. కుర్చీకి కట్టేయించుకోవడం కంటే అది లక్ష రెట్లు నయం.

మీవాళ్ళను ఇలాంటిచోట చేర్చేముందు, అక్కడున్న ఒక ముసలామెను పలకరించి, "బాత్రూమ్‌కు ఎట్లా పోతావమ్మా?" అని అడగండి. ఆమె జవాబు చెప్పకుండా మేనేజరు ముఖం వైపు చూసిందంటే, మీవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చేయండి.