అన్నయ్య గిటారుకు అమ్మ శృతి

మొన్న సాయంత్రం మా పక్కింటి అమ్మాయి అరుగు మీద కూర్చుని గిటారు శృతి చేసుకుంటోంది. పక్కనే సెల్‌ఫోను. తీగ సరిపోతే అందులో పచ్చ దీపం వెలుగుతుందట. "ఇంక ఎవరి చెవితోనూ పనిలేదండీ మామ్మగారూ!" అంది సంబరంగా. నవ్వి లోపలికి వచ్చేశాను గానీ, చేతిలో కాఫీ చల్లారిపోతున్నా తాగబుద్ధి కాలేదు. మా అన్నయ్య గిటారుకు పచ్చ దీపం మా అమ్మే.

అరవైల్లో మాట. అన్నయ్య గుడివాడలో రేడియోలు బాగుచేసే కొట్లో పని నేర్చుకుని, బందరు తిరిగొస్తూ ఒక పాత ఎలక్ట్రిక్ గిటారు పట్టుకొచ్చాడు. కొత్తది కొనే తాహతు మాకెక్కడిది! పామర్రులో కండక్టరు దాన్ని బస్సు టాపు మీద వెయ్యమంటే, ససేమిరా అని పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడట. తీరా చూస్తే తీగలు మరీ ఎత్తున ఉండి, నొక్కితే వేళ్లు కోసుకుపోయేవి. ఇంట్లో రేడియో వెనక గ్రామఫోను తగిలించుకునే చోట గిటారు వైరు దూర్చితే పాట బదులు గుయ్యిమని ఒకటే రొద. ఊడిన వైరుకు మాటు వేసి ఆ రొద మాన్పాడు. తీగలు కూర్చునే గాట్లను సన్నటి ఆకురాయితో అరగదీసి, వాటిని కిందికి దించాడు. అయినా ఒక చిక్కు మిగిలింది. తీగను ఉత్తినే మీటితే బాగానే పలికేది, మధ్యలో నొక్కి మీటితే అపస్వరం. ఎంత తప్పో అన్నయ్య చెవికి అందేది కాదు. మా చర్చిలో ఏళ్ల తరబడి హార్మోనియం వాయిస్తున్నది అమ్మ. ఆవిడ హార్మోనియం ముందు కూర్చుని, మెట్టు నొక్కిపట్టి, "ఇంకా పైకి పోతోందిరా, కాస్త వెనక్కి జరుపు" అనేది. అన్నయ్య గిటారు అడుగున తీగలు ఆనే ఇనుప ముక్కను వెనక్కి జరిపేవాడు. "చాల్లే, ఇప్పుడు పాడుతోంది" అని ఆవిడ అన్నాకే ఇద్దరూ లేచారు.

క్రిస్మస్ ఆరాధనలో ఆ రేడియోకే తగిలించిన గిటారు మోగేసరికి కుర్రకారంతా ముందుకు వచ్చేశారు. మా పాస్టరు అయ్యగారు మురిసిపోయి, "ఇకనుంచి ఇదే ఉండనివ్వండమ్మా, మీరూ కాస్త విశ్రాంతి తీసుకోండి" అన్నారు. పాపం, మంచి మాటే అన్నాననుకున్నారు. అమ్మ "అలాగేనండీ" అని హార్మోనియం మీద గుడ్డ కప్పి, ఆడవాళ్ల చాపల మీదికి వచ్చి నా పక్కన కూర్చుంది. పాట సాగినంతసేపూ ఒళ్లో వేళ్లు కదుపుతూనే ఉంది. చర్చిలో గిటారు వాయించాలని ఇంట్లో అందరికన్నా గోల చేసినదాన్ని నేను. ఆ వేళ్లు చూడలేక తల దించుకున్నాను.

అన్నయ్యకూ మనసు మనసులో లేదు. తర్వాతి ఆదివారం ఆరాధనకు ముందు కావాలని తీగలన్నీ వదులు చేసి, "చెడిపోయిందండీ అయ్యగారూ, ఇవాళ్టికి హార్మోనియమే" అన్నాడు. అబద్ధం చేతకాని మనిషి, చెవులు ఎర్రబడ్డాయి. అమ్మ లేచి వెళ్లింది. హమ్మయ్య అనుకున్నాం. ఆవిడ గుడ్డ తీసింది, ఒక్క మెట్టు నొక్కి అలాగే పట్టుకుని అన్నయ్య వైపు చూసింది.

"బిగించరా. అందరూ కూర్చునున్నారు."

తీగ తీగకూ స్వరం ఇచ్చి, అన్నీ సరిపోయాక మళ్లీ గుడ్డ కప్పి, వచ్చి నా పక్కన కూర్చుంది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆ శృతి ఇవ్వడానికే అమ్మ హార్మోనియం దగ్గరికి వెళ్లేది. కొన్నాళ్లకు అన్నయ్యకు సొంతంగా శృతి చేసుకోవడం వచ్చేసింది. అమ్మ ఉన్నన్నాళ్లూ రానట్టే ఉన్నాడు. ఎన్నో సంగతులు కాలంతో పాటు పాతబడి, తేలికైపోయాయి. వారానికి ఆ కాసిని నిమిషాలు తప్ప ఆవిడకు మేం ఏమీ మిగల్చలేదన్నది మాత్రం ఇంకా నిన్నటి సంగతిలాగే ఉంది.