వారానికి ఇరవై గంటలు

చూసింది చూసినట్టు చెప్పడం నాకు చేతకాదు. పలాసలో నాలుగు చినుకులు పడితే, నా నోటి మీదుగా టెక్కలి చేరేసరికి అది తుఫాను. ఇంకాస్త తీరిక దొరికితే రెండు పడవలు కూడా గల్లంతవుతాయి. ఈ జబ్బు వల్ల ఇంతకాలం ఎవరికీ నష్టం లేదు. ఒక్కసారి మాత్రం వెళ్లి ఎనిమిది మంది ఆడపిల్లల మీద పడింది.

మా మేనల్లుడు జీడిపప్పు గోడౌను మీద రేకుల హాల్లో డ్యాన్సు నేర్పుతాడు. ఆ హాలు వేడికి కింద జీడిగింజలు వాటంతటవే వేగిపోతాయని నేనే ఊరంతా చాటాను. వాడికి పాదాలు కదిలినంత చురుగ్గా కలం కదలదు. అందుకని టెక్కలిలో పెట్టిన అర్హత పోటీ ఫారం తెచ్చి నా ముందు పెట్టాడు. అక్కడ నెగ్గితే విశాఖలో రాష్ట్ర పోటీ.

నిబంధనలు తేలికే. వారానికి ఎన్ని గంటలు సాధన చేస్తారో రాయాలి. దాన్నిబట్టి జట్లను మూడు తరగతులు చేస్తారు: కొత్తవాళ్లు, నడిమివాళ్లు, ఆరితేరినవాళ్లు. ఒక్కో తరగతిలో మొదటి రెండు జట్లే విశాఖ వెళ్తాయి. పదహారేళ్లు నిండినవాళ్లకు ప్రవేశం లేదు.

మావాళ్లది శని, ఆదివారాల్లో రెండేసి గంటలు. అంటే నాలుగు. ఆ గడిలో ఒంటరిగా నాలుగు అంకె వేయడానికి నాకు చెయ్యి రాలేదు, మరీ బక్కగా కనిపించింది. ఇరవై అని రాశాను. మేనల్లుడు చదవకుండా సంతకం పెట్టాడు.

టెక్కలి కల్యాణ మండపంలో ఆరితేరినవాళ్ల తరగతి అంటే ఏమిటో అర్థమైంది. మాతో కలిపి నాలుగే జట్లు. తక్కిన మూడింటి పిల్లలూ నేలతో పని లేనట్టు గాల్లోనే ఉన్నారు. మావాళ్లు బెదరలేదు. ముందు వరసలో మధ్య పిల్ల వాళ్ల అమ్మ ఉద్దానం నుంచి రోజూ ఆటోలో వచ్చి జీడి ఫ్యాక్టరీలో పప్పు పొట్టు తీస్తుంది. పిల్లకు ఆ పై నెలలో పదహారు నిండుతాయి, మరుసటి ఏడు పోటీకి రానివ్వరు. ఆ పిల్ల ఎంత బాగా చేసిందంటే, మండపం వెనక వంటవాళ్లు కూడా గరిటెలు పట్టుకుని వచ్చి నిలబడ్డారు. ఇందులో ఒక్క గరిటె కూడా నేను కలపలేదు.

మూడో స్థానం వచ్చింది. గోడకు అంటించిన మార్కుల కాగితం చూశాను. కొత్తవాళ్ల తరగతిలో ఫస్టు వచ్చిన జట్టుకంటే మావాళ్లకు ఐదు మార్కులు ఎక్కువ.

"ఏటి బాబూ, మా పిల్ల బాగానే సేసింది గదా?" అంది ఆ పిల్లతో వచ్చిన తల్లి.

"జడ్జీలకి కళ్లు నేవమ్మా" అన్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. బస్సు నందిగాం దాటేసరికి ఒక జడ్జి గెలిచినవాళ్లకు మేనమామ అయ్యాడు. పలాసలో దిగేసరికి రెండో జడ్జి మన పాట సాగినంతసేపూ గుర్రుపెట్టి నిద్రపోయాడు. పిల్లలు కళ్లు తుడుచుకుని నవ్వారు. నాకు మాత్రం పది రోజులు అన్నం గొంతు దిగలేదు. సరే, తొమ్మిది రోజులు.

పదో రోజు హాలుకు వెళ్లాను. ఆ పిల్ల చిన్నవాళ్లకు అడుగులు దిద్దుతోంది. పక్కకు పిలిచాను.

"తప్పు జడ్జీలది కాదమ్మా, నాది. ఫారంలో నాలుగు గంటలకి ఇరవై రాసినాను. నాలుగే రాసుంటే కొత్తవాళ్ల తరగతి, అందులో మీరే ఫస్టు."

"ఊరుకో మావా, నీకన్నీ యేళాకోలాలే."

నిజం చెప్పినా నమ్మించుకోవడానికి నాకు సాక్ష్యం కావాల్సి వచ్చింది. జేబులోంచి ఫారం జిరాక్సు తీసి ఇచ్చాను. రెండుసార్లు చదివింది.

"అయితే విశాఖ ఎల్లీవోలమే గదా, మావా."

"ఎల్లీవోలమే."

కాగితం నాలుగు మడతలు పెట్టి నా చేతికే ఇచ్చేసింది.

"మాస్టారికి సెప్పు. అమ్మకి మాత్రం సెప్పకు. పెద్ద పెద్ద టీముల్తోటి ఆడి మా పిల్ల మూడోది వచ్చిందని పేక్టరీ అంతా సెప్పుకుంది. అమ్మకి ఆ మాటైనా ఉండనీ."

మేనల్లుడికి ఆ సాయంత్రమే చెప్పాను. ఇప్పటికీ వాడు నాతో ముక్తసరిగానే మాట్లాడతాడు.

మొన్న ఆటో స్టాండు దగ్గర ఆ తల్లి నన్ను ఆపి, పక్కనున్నావిడకు చూపించింది. "ఈ బాబే మమ్మల్ని టెక్కలి తీసుకెల్లినాడు. మా పిల్లకి మూడో ప్లేసు."

"ఎన్ని టీములేటి?" అందావిడ.

తల్లి నా మొహంలోకి చూసింది.

"సానా" అన్నాను.