పైన దారి, కింద అక్క

తెల్లవారగానే బుల్డోజర్ ఎక్కేముందు అతను వంగి నేలను తాకి, ఆ చేతిని కళ్ళకద్దుకునేవాడు. తల్లీ, తప్పు కాయమని కొండను వేడుకుని, ఆ వెంటనే దాని నడుములో బ్లేడు దించేవాడు. దణ్ణం పెట్టి మరీ దవడ పగలగొట్టడమంటే ఇదేనని భార్య ఎత్తిపొడిచేది. దారిన పోయేవాళ్ళు మాత్రం బుల్డోజర్ బాబాయి అంటూ ఆప్యాయంగా పిలిచి, టీయో బిస్కెట్లో చేతిలో పెట్టనిదే కదిలేవారు కాదు. విరిగిపడిన మట్టి తీసి దారి ఇచ్చే పుణ్యాత్ముడాయె. ఆ కొండను నిలువునా కోసి రోడ్డు వేసిందీ ఆ చేతులేనని వాళ్ళకు తెలియదు.

పూర్వం అక్కడ మేకలు తొక్కిన బాట ఉండేది. ఊట కనబడితే పక్కకు తిరిగేది, పెద్ద చెట్టు అడ్డొస్తే చుట్టి పోయేది. మేకల తెలివిని నమ్ముకుని మనుషులు తరతరాలు నడిచారు. తరువాత కొండ అందం చూడడానికి జనం కార్లలో రాసాగారు. కార్లు పట్టడానికి ఆ అందాన్నే చెక్కారు. చెక్కిన చోటల్లా చెట్ల వేళ్ళు గాలిలో వేలాడాయి. వానలూ వెనకటిలా ముసురు పట్టడం మాని, కుండ బోర్లించినట్టు కురుస్తున్నాయి. రోడ్డును ఇంకా వెడల్పు చేస్తే ఈ మట్టి విరిగిపడే బాధ తీరుతుందని ఇంజనీరు గారి నమ్మకం.

తీసిన మట్టిని లోయలోకి నెట్టడమే అక్కడి పద్ధతి. లోయలో అతని అక్క ఇల్లు, కొన్ని పళ్ళచెట్లు, ఒక ఆవు. నెట్టేముందు జాగ్రత్త పడమని అతను హారన్ కొట్టేవాడు. తమ్ముడు పలకరిస్తున్నాడనుకుని ఆమె చేతిలో పని వదిలి, సరిగ్గా ఆ మట్టి పడే వైపుకే వచ్చి చెయ్యి ఊపేది. అది పలకరింపు కాదని చెప్పి చెప్పి అతని నోరు నొప్పి పుట్టింది. అక్క నవ్వేసి, పాల వ్యానులో అతనికి అన్నం క్యారియర్ పంపేది.

ఆ వానాకాలం అతను నెట్టిన మట్టితోపాటు ఒక బండ దొర్లి ఆవు పాకను నేలమట్టం చేసింది. ఆవు మేతకు పోయి ఉండబట్టి బతికింది. దేవుడు చల్లగా చూశాడంది అక్క. తాను రోజూ పైనుంచి నెడుతుంటే దేవుడు మాత్రం ఎన్నిసార్లు అడ్డుపడతాడని తమ్ముడికి గుబులు పుట్టింది. మట్టిని లారీల్లో ఎత్తించమని ఇంజనీరు దగ్గరికి పోయాడు. ఆయన చెడ్డవాడు కాదు. కుర్చీ వేయించి, మంచినీళ్ళు ఇప్పించి, కింద ఉన్నవాళ్ళెవరూ ఫిర్యాదు చేయలేదు కదా, ఫిర్యాదు లేని చోట ప్రమాదం ఉందని పైవాళ్ళకు ఎలా రాస్తామని మెల్లగా అడిగాడు. నెట్టేవాడే వచ్చి చెబితే అది ఫిర్యాదు కిందికి రాదట.

ఆ సాయంత్రమే అతను లోయలోకి దిగాడు. తనతో వచ్చి ఉండమని బతిమాలడం ఏనాడో అయిపోయింది. చెట్లను చంకన పెట్టుకుని రాలేనంది ఆమె. అక్క అన్నం వడ్డించింది. అతను ముద్ద కలపలేదు.

"అక్కా, ఒక్క సాయం చేసిపెట్టు. రేపు ఆఫీసుకు పోయి నా మీద ఫిర్యాదు చెయ్యి."

"సొంత తమ్ముడి మీదా? నీ పని పోతే?"

"పోతే పోనీ. పాక కూల్చింది నా తమ్ముడేనని చెప్పు. నలుగురూ వినేలా గట్టిగా తిట్టు. ఎప్పటిలా మెత్తగా చెబితే వాళ్ళు నమ్మరు."