రత్తయ్యగారి డిస్కు

చనిపోయిన రోజు పొద్దున కూడా రాఘవ నరసరావుపేటలోని తన కంప్యూటర్ రిపేరు షాపులో ఎవరిదో హార్డ్ డిస్కు కంప్యూటర్‌కి తగిలించాడు. అది కనపడకపోతే ముందు వైరు మార్చాడు, తర్వాత వెనక పోర్టులో పెట్టి చూశాడు. ఎప్పుడూ అదే వరస. చివరికి కమాండ్లు కొట్టే లైనక్స్ నల్ల తెర తెరిచి, గడ్డం గోక్కుంటూ ఒక్కో లైనూ చదివేవాడు. కారణం దొరికిందంటే డిస్కు తెరవకుండా వదిలేవాడు కాదు.

ఒక్క రత్తయ్యగారి డిస్కునే వదిలేశాడు. ఆయన పత్తి విత్తనాల డీలరు. ఆయనిచ్చిన విత్తనానికి కాయ పట్టలేదని రాఘవ తండ్రి అడిగితే, "విత్తనం తప్పేం లేదు, నీకు సేద్యం రాదు" అన్నారు నలుగురిలో. తండ్రి మళ్లీ చేలోకి దిగలేదు. పదేళ్లకు, 2008లో, ఆ రత్తయ్యగారే డిస్కు పట్టుకొచ్చారు.

"మా ఆవిడ ఫొటోలన్నీ ఇందులోనే ఉన్నాయి అబ్బాయ్. మనిషి ఎటూ లేదు."

విండోస్‌లో సరిగా ఆపకుండా లాగేయడంతో మొరాయించిన డిస్కు అది. ఒక్క కమాండుతో తెరుచుకుంటుందని రాఘవకు తెలుసు. వైరు తీరిగ్గా చుట్టి ఆయన చేతిలో పెట్టాడు.

"డిస్కు తప్పేం లేదండి. మీకు వాడటం రాదు."

ఆ మధ్యాహ్నం కడుపునిండా అన్నం తిన్నాడు.

రాఘవ పెద్దకర్మ నాడు భోజనాల దగ్గర రత్తయ్యగారి పాలేరు చెప్పాడు. రాఘవ తండ్రికి కాయ పట్టని ఏడే ఆయన తన సొంత ఎనిమిదెకరాల్లోనూ అదే విత్తనం వేసి, కాయ పట్టక, చేనంతా దున్నించేశారట.