మా అమ్మాయి మోటారు వంతు

జూలై రెండో ఆదివారం, సాయంత్రం. కంచరపాలెంలో మా అపార్ట్‌మెంట్ సెల్లారు. హాజరైనవారు: అసోసియేషన్ ప్రెసిడెంటు, స్టీల్‌ప్లాంటులో షిఫ్టు డ్యూటీ చేసే ఒకటో అంతస్తు ఆయన, హార్బరులో సొంత బోటు ఉన్న మూడో అంతస్తు ఇల్లాలు, కుర్చీలు చాలక బైకుల మీద కూర్చున్న మరికొందరు, మా అమ్మాయి, నేను.

పోర్టు స్టోర్సులో రిటైరయి చాలాకాలమైనా ఇలా రాసుకునే అలవాటు పోలేదు. ఆ రోజు కలం ఎంత గట్టిగా నొక్కానో, డైరీలో తర్వాతి పేజీ మీద కూడా అచ్చు పడింది.

వాచ్‌మన్ మానేశాక నీళ్ల మోటారు వెయ్యడం వారానికొక ఇంటి వంతు, మెట్లు కడగడం ఇంకో ఇంటి వంతు. మోకాలి ఆపరేషన్ తర్వాత నేను మాటిమాటికీ మెట్లు దిగలేక, మా వంతు అమ్మాయి చూస్తోంది. ఆ వారం మోటారు వేసి, కట్టెయ్యడం మరిచిపోయింది. ట్యాంకు పొంగి నీళ్లు మెట్ల మీదుగా సెల్లారు దాకా వచ్చాయి. తన చేతిలో ఇది రెండోసారి.

తనకు ఏడీహెచ్‌డీ ఉందని నిరుడు, నలభయ్యో ఏట, మానసిక వైద్యుడు చెప్పాడు. తనకు శ్రద్ధ లేక కాదు. దాన్ని కావలసినప్పుడు కావలసిన చోటికి తిప్పుకోలేకపోతుంది. స్టవ్ మీద పాలు, గడువు దాటిన కరెంటు బిల్లు, తాగడం మరిచి ఇంటినిండా వదిలేసిన టీ గ్లాసులు. ఒకదాని తర్వాత ఒకటి ఉద్యోగాలన్నీ పోయాయి. మిగిలింది, నిలిచింది ఒక్కటే: సాయంత్రాలు మా హాల్లో పిల్లలకు బొమ్మలు గీయడం నేర్పడం. ప్రెసిడెంటుగారు సరిగ్గా దానిమీదే చెయ్యి వేశారు.

"మాస్టారూ, ఏమనుకోకండి. ఆ జబ్బేదో ఉందని మీరే అంటున్నారు కదండీ. మోటారే గుర్తుండని మనిషికి పిల్లల్నెలా అప్పజెబుతామండీ? ఆ క్లాసులు ఆపించెయ్యండి."

నాకు ఒళ్లు మండిపోయింది. పేరు తెలియనన్నాళ్లూ బద్ధకమన్నారు, పొగరన్నారు. పేరు తెలిశాక ప్రమాదమంటున్నారు. కిందటి నెల ఒకటో అంతస్తు ఆయన వంతులోనూ ట్యాంకు పొంగింది. "నైట్ డ్యూటీ సేసొచ్చాను బావా, కన్నంటుకుపోనాది," అంటే అందరూ నవ్వేశారు. నిద్ర అయితే కారణమూ, ఇదయితే నేరమూనా? ఆయన ఇప్పుడు ఫోన్‌లోంచి తలెత్తలేదు.

అమ్మాయే మాట్లాడింది. "అంకుల్, పిల్లలున్నంతసేపూ నా కళ్లు వాళ్లమీదనుంచి కదలవు. అందుకే మోటారు మరిచిపోయాను. అలారం మోగింది. ఒక్క పాప బొమ్మ చూసి దిగుదామనుకున్నాను, అంతే. ట్యాంకు నిండగానే ఆగిపోయే స్విచ్చు పెట్టించమని వేసవిలోనే అడిగాను. అది కుదరదంటే నాకు మోటారు బదులు మెట్లు కడిగే పని ఇవ్వండి. మురికి కంటికి కనబడుతుంది, గుర్తు పెట్టుకోనక్కర్లేదు."

"రూలు అందరికీ ఒకటేనమ్మా. నీకు మారిస్తే రేపు అందరూ అడుగుతారు."

"నా మోకాలి కోసం మీటింగు డాబా మీదనుంచి సెల్లారుకి మార్చారు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "అప్పుడెవరూ రూలు తియ్యలేదేం? మోకాలికి కట్టు కనబడింది కనకనా?"

మూడో అంతస్తు ఇల్లాలు కుర్చీ ముందుకు జరుపుకుంది. తను మా అమ్మాయిని అక్కగా భావించి 'అప్పా' అంటుంది.

"ఓలమ్మ, ఏటండీ ఈ గొడవ! మా పిల్ల ఇంట్లో రెండు నిమిషాలు కూకోదు. అప్ప దగ్గరైతే గంట కూకుంటాది. క్లాసు ఆపేత్తే పిల్లని మీ ఇంట్లో ఒగ్గీమంటారేటి?"

బైకుల మీదవాళ్లు గొల్లుమన్నారు.

"అప్ప వంతు మోటారు నానేత్తాను. నా వంతు మెట్లు అప్ప కడుగుద్ది. అయిపోనాది కదా?"

"అది కమిటీలో పెట్టాలమ్మా. అప్పటిదాకా క్లాసులు వద్దు. పొద్దున్నే నోటీసు పెడతాను," అని ప్రెసిడెంటుగారు లేచిపోయారు.

మెట్లెక్కుతుంటే అమ్మాయి అంది: "పిల్లల్ని రావద్దని చెప్పేస్తాను నాన్నా. నావల్ల మీకెందుకీ తలవంపులు?"

"తలవంపులు తెచ్చింది నువ్వు కాదు," అన్నాను. అంతకన్నా మంచి మాట తోచలేదు. వైద్యుడు మందులు రాశాడు, పనిని జ్ఞాపకానికి వదలకుండా అమర్చుకోమన్నాడు. ఆ అమరికకు పక్కవాళ్లు కూడా ఒప్పుకోవాలి కదా. అది ఏ మందుల షాపులో దొరుకుతుంది?

మర్నాడు పొద్దున్న కరెంటు మీటర్ల పక్కన గోడకు నోటీసు అంటించి ఉంది. అప్పటికే మోటారు తిరుగుతోంది, స్విచ్చు దగ్గర మూడో అంతస్తు ఇల్లాలు నిలబడి ఉంది. మా అమ్మాయి బకెట్టు, చీపురు పట్టుకుని దిగింది. నేను రెయిలింగు పట్టుకుని పైనుంచి చూస్తున్నాను.

ప్రెసిడెంటుగారు వచ్చారు. "మిమ్మల్నెవరు వెయ్యమన్నారమ్మా?"

"ఎవులూ సెప్పనేదండి. నీల్లు కావాలి కదేటని ఏసాను. మీరు కూసింత పక్కకి జరగండి, అప్ప మెట్లు కడుగుతన్నాది."

ఆయన నోటీసువైపు చూశారు, బకెట్టువైపు చూశారు, చెప్పులు చేత్తో పట్టుకుని తడి మెట్లెక్కి వెళ్లిపోయారు. మా అమ్మాయి చీపురు ఆపకుండానే మూడో అంతస్తుకు వినబడేలా కేకేసింది.

"పాపా, నీ పడవ బొమ్మ సగంలో ఉంది. సాయంత్రం పెందరాళే రా!"